రెండో పొట్లం

ఎనభై రెండులో సంగతి. షార్జాలోని రోలా బజారులో, చీనావాడి కొట్లో, కొట్టువాడు చేతికిచ్చిన పొట్లం చూసి రాజ్యానికి ఒళ్లు మండిపోయింది. అరబ్బుల ఇంట్లో వంటపని ఆమెది. పక్కనున్న దయారాణి వాళ్ల ఊరిదే, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు.

"సిస్టరుగారూ, ఇయ్యి మన ఎండురొయ్యలు కాదండీ?"

"మనయే. ఎందుకే అంత కోపం?"

"మొన్న మా అమ్మ పంపినయ్యి ఏపుతుంటే, ఇల్లంతా కంపని మేడమ్ నా చేతే చెత్తలో పోయించింది. కిటికీలన్నీ తీయించి సాంబ్రాణి పొగ కూడా ఏయించింది."

"మరి ఇప్పుడివెందుకు?"

"హోటల్లో చీనా సూపు తాగొచ్చిందండి. అక్కడి వంటోడి చేత ఈ చీటీ రాయించుకొచ్చి, ఇందులో ఉన్నది తెమ్మంది. ఆ చీనా గీతలు నాకేం తెలుసు? చూపిస్తే ఈడు ఇది తీశాడు."

"పోనీలే, రెండూ ఒకటేనని ఆవిడకి తెలీదుగా."

"తెలీకపోతే? ఆవిడ సూపులో పడితే ఘుమఘుమ, నా బాండీలో పడితే కంపా అండి?"

"సరే, మళ్లీ ఇంకో పొట్లం తీశావేం?"

"రెండోది నాది. తలలూ తోకలూ గిల్లి, ఆవిడ ఎదురుగానే రెండూ పక్కపక్క పొయ్యిల మీద ఏపుతాను. ఏది పారబొయ్యాలో అప్పుడు ఆవిడ్నే చూపించమంటాను."