సముద్రం లేని కార్యక్రమాలు

(హల్ రేవు, 1975 నవంబరు. స్థానిక టీవీ కేంద్రం. చిన్న గదిలో మైకు ముందు అనౌన్సర్ డోరీన్. అద్దానికి అవతల, ప్రసారం నడిపే విల్ఫ్. ఇద్దరూ చెవి ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు.)

"మళ్ళీ మార్చారా? విల్ఫ్ గారూ, పొద్దుట్నించీ ఇది నాలుగోసారి!"

"కాగితం అందిందా లేదా, డోరీన్?"

"అందింది. ఒంటిగంటన్నర సినిమా కొట్టేసి పైన పెన్సిల్‌తో 'మన తోటలు' అని రాశారు. తోటలేంటండీ? వారం రోజుల్నించి ఊరంతా ఆ ఓడ సినిమా కోసం కాచుక్కూర్చుంటే! మా అత్తగారైతే కుర్చీ నిన్నే టీవీ ముందుకి లాక్కుంది."

"రీలు తెగింది."

"నిన్న మీరే వేసి చూసుకున్నారుగా. బ్రహ్మాండంగా ఉందన్నారు."

"నిన్న బాగుంది. ఇవాళ తెగింది. బొమ్మలాట అయిపోవడానికి ఇంకా మూడు నిమిషాలుంది, నీ మాటలు చూసుకో."

"బొమ్మలాట సంగతి కూడా అడుగుతాను. పడవ పాట ఏమైంది? పిల్లలు చూసేదే ఆ పాట కోసం."

"టైము చాల్లేదు."

"చాల్లేదా? పాట తీసేసి రెండు నిమిషాలు గడియారం చూపించారు! ఊళ్ళో పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని గడియారం చూశారు!"

"ఇవాళ నీకు నోరెక్కువైంది, అమ్మాయ్."

"మీకు ఇవాళ మాట తక్కువైంది. తొమ్మిదింటి నుంచీ ఒక్క జోకు లేదు, ఒక్క తిట్టు లేదు. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. పమేలాని రమ్మన్నాను. ఒంటిగంట వార్తలు తను చదువుతుంది. ఈ అల్లికల కార్యక్రమం మొదలవగానే నువ్వు క్యాంటీన్‌కెళ్ళి టీ తాగు."

"ఎందుకు?"

"ఎందుకేంటి, టీ తాగమంటే ఎందుకంటావేం!"

"నా వార్తలు తనెందుకు చదవాలీ అని. ఓహో. అర్థమైంది. నన్ను సాగనంపుతున్నారు. నాది చేపల వీధి యాస, పమేలాది లండన్ పలుకు. పైవాళ్ళు గొణుక్కుంటున్నారని నాకూ చెవిన పడింది లెండి."

"అది కాదు."

"మరేది?"

"ఇరవై సెకన్లు."

"మాట దాటెయ్యకండి."

"దాటెయ్యట్లేదు, బొమ్మలాట అయిపోతోంది! పది. ఐదు. మైకు నీది."

"…బొమ్మలాట ఇంతటితో సమాప్తం. ప్రేక్షకులకు ఒక మనవి. ఒంటిగంటా ముప్ఫై నిమిషాలకు ప్రసారం కావలసిన చలన చిత్రానికి బదులుగా 'మన తోటలు' ప్రసారమవుతుంది. మూడు గంటలకు గుర్రప్పందాలు. సాయంత్రం ఐదు గంటలకు పిల్లల క్విజ్. రాత్రి ఎనిమిది గంటలకు బృందగానం. ఇప్పుడు, ఊలు అల్లికలు…"

"మైకు మూశాను. బాగా చదివావు. ఇక టీకి వెళ్ళు."

"వెళ్ళను."

"డోరీన్…"

"రాత్రి బృందగానంలో కూడా ఒక పాట కొట్టేశారు. నావికుల ప్రార్థన. ఇప్పుడే చూశాను."

"క్యాంటీన్ మూసేస్తారు, వెళ్ళు."

"పదకొండు గంటల వాతావరణంలో సముద్రం మీద గాలుల వివరాలు చదవొద్దన్నారు. ఈ కేంద్రం పెట్టిన్నాటి నుంచి అది ఎప్పుడూ ఆగలేదు. వంటలో హెరింగ్ చేప వేపుడు ఉండాలి, పోయిన నెల వేసిన యాపిల్ వంట మళ్ళీ వేశారు. చేప పోయింది. పడవ పాట పోయింది. ఓడ సినిమా పోయింది. ఇక మిగిలిందేంటి? ఊలు, తోటలు, గుర్రాలు. అన్నీ మెట్ట మీదివే. విల్ఫ్ గారూ, సముద్రాన్ని ఎందుకు తీసేశారు?"

"అన్నీ కలిపి కథలల్లకు. టేపులు పాడైపోయాయి, అంతే."

"నీళ్ళున్న టేపులే పాడయ్యాయా?"

"నువ్వు ముందు బయటికెళ్ళు, తల్లీ. నా మాట విను."

"ఆగండి. న్యూస్ గది నుంచి కాగితం వచ్చింది. కిటికీలోంచి ఇచ్చి వెళ్ళిపోతున్నారు."

"అది చదవకు. పమేలా కోసం అది. డోరీన్, దాన్ని అక్కడే పెట్టేయ్."

"…'నార్వే తీరానికి దూరంగా గాలివానలో హల్ రేవుకు చెందిన చేపల పడవ ఒకటి మునిగిపోయింది. పంతొమ్మిది మంది ఉన్నారు. ఇంతవరకూ ఎవరూ దొరకలేదు. బంధువులకు కబురు అందాకే పడవ పేరు ప్రకటిస్తారు.'"

"డోరీన్."

"మా ఆయన డెన్నిస్ నార్వే వైపే వెళ్ళాడు."

"తెలుసు."

"సిల్వర్ టెర్న్ పడవ మీద. పోయిన మంగళవారం."

"తెలుసమ్మా. కూర్చో. నించోకు, కూర్చో."

"తను బయల్దేరిన రోజు నేను బట్టలు ఉతికాను."

"ఏంటీ?"

"పడవ వెళ్ళిన రోజు ఇంట్లో బట్టలు ఉతకకూడదు. ఉతికితే మనిషి కూడా ఆ నీళ్ళలోనే కొట్టుకుపోతాడు. మా వీధిలో పసిపిల్లనడిగినా చెప్తుంది. నాకు ఉద్యోగానికి ఉన్నది ఒక్క తెల్ల జాకెట్టు. కాలరు మీద టీ మరక. ఒక్కటే కదా అని ఉతికి, ఎవరి కంటా పడకుండా వంటింట్లోనే ఆరేశాను. పక్కింటి ఎడ్నా చూసింది. కిటికీ తెర లాగేసుకుంది. తిట్టుంటే బాగుండేది."

"జాకెట్టు ఉతికితే పడవ మునగదు."

"మీకేం తెలుసు? అద్దం వెనకాల కూర్చుని బొత్తాలు నొక్కేవాళ్ళకి!"

"అవును. నాకేం తెలుసు."

"అందుకేగా నన్ను టీకి పొమ్మంది? సిల్వర్ టెర్నే కదూ? చెప్పండి."

"కాదు."

"ఒట్టేసి చెప్పండి."

"ఒట్టు. నీ మొగుడి పడవ కాదు. నీ మొగుడు బాగున్నాడు. ఈ వార్త వింటే నీ పై ప్రాణాలు పైనే పోతాయని బయటికెళ్ళమన్నాను. అంతే, నమ్ము."

"ఎలా నమ్మను? పేరు న్యూస్ వాళ్ళకే తెలీదు! పేరు ఇంకా ఇవ్వలేదని ఇక్కడ రాసి పెట్టారు!"

"నాకు తెలుసు."

"మీకెలా తెలుసు? కేంద్రం పెద్దాయన చెప్పాడా?"

"ఆయనకీ తెలీదు. సినిమా ఎవరు తియ్యమన్నారని ఇందాక ఫోన్లో కేకలేశాడు."

"మరి మీ ఇష్టమొచ్చినట్టు రోజంతా కోసి పారేశారా? ఉద్యోగం పోతుంది మీకు!"

"పోనీ."

"పోనీయా? ఇరవై మూడేళ్ళ సర్వీసు! విల్ఫ్ గారూ, మీరు నాతో ఆడుకుంటున్నారు. వార్తలు అయ్యేదాకా నన్ను ఎలాగోలా నిలబెట్టాలని ఏదో ఒకటి చెప్తున్నారు. అంతే కదా?"

"కాదమ్మా."

"మా ఇంట్లో ఫోను లేదు. కంపెనీ మనిషి వచ్చి తలుపు కొట్టాలి. నేను ఏడింటికే ఇక్కడికొచ్చేశాను. మా అత్తగారికి తలుపు చప్పుడు వినపడదు, టీవీ పెట్టుకుంటే అసలే వినపడదు. వాడు కొట్టి కొట్టి వెళ్ళిపోయుంటాడు. మా డెన్నిస్ పోయాడు, మీరు నాకు గడియారం చూపిస్తున్నారు!"

"రెండు నిమిషాలుంది. పమేలా ఇంకా రాలేదు. దారిలో బస్సు ఆగిపోయిందిట. నువ్వే చదవాలి."

"నేను చదవను. పేరు లేకుండా ఎలా చదవను? పంతొమ్మిది మందని చెప్పి ఊరుకుంటే రేవులో ప్రతి ఇంట్లోనూ ఆడాళ్ళు మావాడే అనుకుంటారు. ఇప్పుడు నేననుకుంటున్నట్టే."

"నువ్వే చదవాలి. నీ గొంతు వాళ్ళకి ఇంట్లో మనిషి గొంతు. పమేలా చదివితే అది వార్త. నువ్వు చదివితే… నాకు తెలీదు, నువ్వు చదివితే కాస్త ఓర్చుకోవచ్చేమో."

"ఎవరు ఓర్చుకోవచ్చు?"

"ఒక నిమిషమే ఉంది."

"ఎవరు, విల్ఫ్ గారూ? అద్దంలోంచి నా వైపు చూడండి. ఎందుకు తల వంచుకున్నారు?"

"చూస్తున్నా. డోరీన్, ఆ కాగితం ఆఖరి లైను మళ్ళీ చదువు. పడవ పేరు ముందు ఎవరికి చెప్తారని ఉంది?"

"బంధువులకి. ఇంటివాళ్ళకి."

"చెప్పారమ్మా. తొమ్మిదింటికి ఈ ఫోనుకే చేశారు. పడవ పేరు రోజ్‌మండ్. మా చిన్నాడు క్లైవ్ పోయిన శుక్రవారం ఎక్కాడు, వాడికిదే మొదటి ప్రయాణం… పది సెకన్లు. మైకు తెరుస్తున్నా. చదువు తల్లీ, నేను వింటున్నాను."