పైపు ఖర్చు

మరిపెడ దగ్గరి పల్లె. మిర్చి ఆరబోసిన కల్లం. చిలుకమ్మ, ఆమె మరిది కట్టయ్య.

“ఉట్టిగనే ఇస్తరా? జర సక్కగ చెప్పు కట్టయ్యా.”

“ఉట్టిగ కాదు వదినె, అగ్గువకు. అణు కరెంటు ప్లాంటు వస్తాంది గదా, కరెంటు తీసినంక మస్తు వేడి మిగుల్తదట. పారబోసుడే. గా వేడినీళ్లు పైపులల్ల మన ఊరికి పంపుతరు. షెడ్డుల మిర్చి ఆరుతది. ఇగ మబ్బు పడ్తే ఫికర్ లేదు.”

“పోయినేడు తడిసి బూజు పట్టినప్పుడు ఏడ్వని రోజు లేదు. వస్తే మంచిదే. ప్లాంటు ఏడ కడ్తరు?”

“గోదారి దిక్కు, అడవిల. మనకేం భయం లేదు.”

“అంత దూరంకెల్లి వస్తే నీళ్లు సల్లారవా?”

“మీటింగుల ప్లాంటు సార్లను నేనూ గదే అడిగిన. పైపు సుట్టూ మందంగ తొడుగు ఏస్తరట. గని దానికి మస్తు ఖర్చట. ఎంత దూరమైతే అంత పెరుగుతదట. అదంత మన మీదనే ఏస్తమన్నరు. గట్లయితే కట్టెలు కాల్చి ఆరబెట్టిందే నయం.”

“మరి అగ్గువ అంటివి?”

“ఆగు, చెప్పనీ. నేను ఊకుంటనా? మార్కెట్ల అడ్తిదారుతోని ఎట్ల బేరం చేస్తం? గట్లనే చేసిన. పైపు ఖర్చు సగం దించితేనే ఒప్పందం కాయితాల మీద సంతకాలు అన్న. ఊరంత నా ఎనుక లేసింది.”

“దించిండ్రా?”

“సార్లు ఒకలి చెవుల ఒకలు మాట్లాడుకున్నరు. నవ్విండ్రు. సగమెందుకు, పైపు ఖర్చే లేకుంట చేస్తం అన్నరు! అందరం సంతకాలు పెట్టినం.”

“ఎట్ల చేస్తరట?”

“అది... వాళ్ల తిప్పలు వాళ్లు పడ్తరు.”

“దూరముంటేనే గదా పైపు ఖర్చు. దూరం లేకుంట చేస్తేనే ఖర్చు లేనట్టు.”

“ఏమంటానవ్ వదినె?”

“ముందుగాల ఇది చెప్పు కట్టయ్యా. ప్లాంటు అడవిలనే కడ్తరని రాసిచ్చిండ్రా?”

“అడగలే.”

“అడగలేదా!”

“బేరం కుదిరిందని... సంబురంల...”

“పొద్దుగాల కొలతలు తీసే టోపీలోళ్లు మన ఇంటికాడి చేన్ల ఎర్ర జెండాలు పాతిండ్రు. పైపు కోసమే కావచ్చు అని నేనే చాయ పోసిన.”

“పైపుకే అయి ఉంటది వదినె. పైపు పోయే తొవ్వకే.”

“పైపుకైతే గీత తీరుగ పాతాలె. వాళ్లు గుండ్రంగ పాతిండ్రు. మన ఇల్లు నడుమల పెట్టి.”