చెరువు గట్టు మీద కుట్టుమిషను

రేవు దగ్గర రేకుల షెడ్డు. మధ్యాహ్నం. లోపల ఇద్దరే ఉన్నారు: పడవ టికెట్లిచ్చే గుమాస్తా, ఊరూరా తిరిగి తూకం కాటాలు బాగుచేసే మెకానిక్.

"ఈ ఫోటోలన్నీ నీళ్ళేనా, మెకానిక్ గారూ? నీళ్ళు, నీళ్ళు, మళ్ళీ నీళ్ళు."

"ఇది కాలవండీ. ఇది లాడ్జిలో బకెట్టు. కుళాయి కారుతుంటే బాగుందనిపించి తీశా."

"బకెట్టుక్కూడా ఫోటోనా?"

"సాయంత్రం దాకా కాటాలు, తర్వాత గోడలు. లాడ్జి రూములో మాట్లాడ్డానికి ఎవరుంటారు చెప్పండి. ఈ కెమెరా కొన్నాక కాస్త పొద్దుపోతోంది."

"ఇంట్లోవాళ్ళకి చూపిస్తుంటారా?"

"ఇంట్లో ఎవరూ లేరు. మా అన్నయ్యకి ఒకసారి చూపించబోయా. మనుషుల్లేని ఫోటోలేంట్రా అని పక్కన పెట్టేశాడు. అడిగి మరీ చూసింది మీరే మొదలు, గుమాస్తా గారూ."

"పడవ అవతల ఉంది, జనం లేరు, నాకు మాత్రం ఏం పని. తిప్పండి, తిప్పండి."

"ఇది చెరువు. అప్పుడే వాన మొదలైంది. చూశారా, సగం నీళ్ళు అద్దంలా ఉన్నాయి, సగం చినుకులకి గరుకు తేలాయి. దీని కోసం గంటసేపు నిలబడ్డా."

"బాగుంది. తర్వాత?"

"అదే చెరువు గట్టు మీద ఇల్లు. వసారాలో ఒకావిడ మిషను కుడుతూ..."

"ఆగండి."

"ఏమైందండీ?"

"తిప్పకండి. దీన్ని పెద్దది చెయ్యడం కుదురుతుందా?"

"కుదురుతుంది. ఇదిగో. తెలిసినావిడా?"

"కాదు. తెలిసిన మనిషిలా ఉంటేనూ... కాదు లెండి. ఎప్పుడు తీశారు?"

"పదిహేను రోజులైంది. తడిసిపోతుంటే ఆవిడే లోపలికి పిలిచింది. కెమెరా తుడుచుకోమని గుడ్డముక్క ఇచ్చింది. బడిపిల్లల యూనిఫాంలట, ఒక మూలంతా కుప్పపోసి ఉన్నాయి. మీ ఫోటో ఒకటి తీసుకోనా అంటే, ఎవరికి చూపిస్తారు అంది. చూపించడానికి నాకెవరూ లేరండీ అన్నా. చేతిలో ఉన్న చొక్కా కుట్టడం పూర్తిచేసి దారం తెంపింది. తర్వాత, అయితే తీసుకోండి అంది."

"ఆ మాట అందా?"

"అంది. మనుషుల్ని తీసింది ఆ ఒక్కటే. లాడ్జిలో అప్పుడప్పుడూ తీసి చూసుకుంటా."

"వెనక గోడ మీద ఏదో రాసుంది. ఏమిటది?"

"మసగ్గా ఉందండీ. ఏదో కొట్టు బోర్డు."

"మొదటి అక్షరం..."

"గుమాస్తా గారూ, ఎవరండీ ఆవిడ?"

"కూజాలో చల్లటి నీళ్ళున్నాయి. తాగుతారా?"

"వద్దండీ. ఎవరు?"

"మా ఆవిడ."

"అయ్యో."

"వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయింది. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి తాళం వేసుంది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చింది. వాళ్ళక్క దగ్గరుందని తెలిసి వెళ్ళా. అప్పటికే లేదు. తర్వాత ఎక్కడో బట్టల కార్ఖానాలో చేస్తోందని ఎవరో చెప్పారు. అక్కడికీ వెళ్ళా. నిన్నే మానేసిందన్నారు."

"నిన్ననేనా?"

"ఒక్క రోజు తేడా. తర్వాత ఇక్కడికి మార్పించుకున్నా. రోజుకి రెండొందల మంది దిగుతారు, ఎప్పటికైనా ఒకసారి దిగకపోతుందా అని. దిగిన ప్రతి ఆడమనిషి మొహమూ చూస్తా. నన్ను పిచ్చివాడనుకుంటారు."

"అనుకోనండీ. లాడ్జిలో పక్క రూము తలుపు చప్పుడైతే, నా కోసమేమో అని లేచి కూర్చునేవాణ్ణి నేను. ఆవిడ ఎవరికీ చూపించననే ఒప్పుకుంది, నిజమే. కానీ మిమ్మల్నిలా చూశాక నోరు మూసుకుని పడవెక్కడం నా వల్ల కాదు. పెద్ద దూరం కూడా కాదండీ. అవతలి ఒడ్డున బస్సెక్కితే..."

"జుట్టు నెరిసింది."

"కాస్త. నవ్వితే కనబడదు."

"నవ్విందా?"

"కూర్చోడానికి నేను అటూ ఇటూ చూస్తుంటే నవ్వింది. ఇంటికొచ్చేవాళ్ళు లేరు, రెండో కుర్చీ కొనలేదు అని."

"నవ్వడం నేను మర్చిపోయా. తను నవ్వడం."

"మీరు రేపే బయల్దేరండి. నేనూ వస్తా కావాలంటే. ఇల్లు చూపించి వెనక్కొచ్చేస్తా."

"కుడి చెయ్యి ఎలా ఉంది? మోచెయ్యి పూర్తిగా చాపగలుగుతోందా?"

"లేదండీ. గుడ్డముక్క కూడా ఎడమ చేత్తోనే అందించింది. ఏమైందని అడిగితే, ఎప్పుడో మెట్ల మీంచి పడ్డానంది."

"మెట్ల మీంచి అని చెప్పిందా?"

"అవును."

"ఇన్నేళ్ళయ్యాక, ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా అలాగే చెప్పిందా?"

"అలాగే చెప్పింది. ఎందుకండీ?"

"మా ఇంటికి మెట్లు లేవు, మెకానిక్ గారూ."

"మరి ఆ చెయ్యి..."

"ఊరి పేరు నాకు చెప్పకండి. నేను కాళ్ళు పట్టుకుని అడిగినా చెప్పకండి. చెబితే వెళ్తాను."