మళ్లీ వేసుకున్న కుట్టు

పటాన్‌చెరులోని ధాన్యం కొట్టులో గిరాకీ లేని మధ్యాహ్నం. పెద్ద కోడలు బస్తాలు తూచే కాంటా ఎక్కి నవ్వుతూ నిలబడింది. చిన్న కోడలు కొంగుతో మెడ తుడుచుకుంటూ అంకె వంక చూసింది.

"అక్కా, ఒక్క కిలో గూడ తగ్గలే! డాక్టరమ్మ మందు దండుగేనా?"

"తగ్గుతదని ఆమె చెప్పనేలేదు చెల్లె! ముట్టు ఆగినంక ఒళ్లు మునుపటిలెక్క తిన్నది కరిగించదట, కొవ్వంత పొట్టకే చేరుతదట. హార్మోన్ మందు బరువు కోసం కాదన్నది. అందరికి పడదట, పరీక్షలు చేసినంకనే రాసింది."

"మరెందుకింత సంబురం?"

"ఒంట్ల సెగలు పోయినయ్! కంటినిండ నిద్ర పడుతుంది. పొద్దుగాల లేచి లక్డారం తొవ్వపొంటి నడిచొస్తున్న. ఇగ ఇటు సూడు!"

ఆమె జాకెట్టు పక్క అంచు మడిచి చూపించింది. ఒళ్లు పెరిగినప్పుడల్లా విప్పేసిన పాత కుట్ల జాడలు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద కొత్త దారం మెరుస్తోంది.

"మళ్ల ఏసుకున్నవా?"

"నిన్ననే! నడుము తగ్గింది కాంటాకేం ఎరుక?"

చిన్న కోడలు తన జాకెట్టు అంచు తడిమి చూసుకుంది.

"నేను ఒక్కపూటే తింటున్న అక్కా. అయినా నిన్ననే ఆఖరి కుట్టు ఇప్పిన. రాత్రంత చెమటలు. రోగమేమోనని ఎవ్వరికి చెప్పలే. రేపు నన్ను డాక్టరమ్మ దగ్గరికి తోలుకపోతవా?"

పెద్ద కోడలు కాంటా మీంచి ఒక్క గెంతు గెంతింది.

"రేపేంది? షట్టర్ గుంజు, జల్దీ!"