ఒక్క మనిషి కేటగిరీ

మా టీకొట్టు యూనివర్సిటీ వెనక గేటుకి ఎదురుగా ఉంటుంది. పరిశోధన ల్యాబుల్లో ఎవరు రిటైరవుతున్నా నాకు ముందే తెలిసిపోతుంది, ఎందుకంటే వీడ్కోలు సభకి టీ నా కొట్టునుంచే వెళ్తుంది. సైంటిస్టులకి సైంటిస్టుల సంఘం, టెక్నీషియన్లకి టెక్నీషియన్ల సంఘం, హెల్పర్లకి హెల్పర్ల సంఘం. ఏ కేటగిరీ మనిషిని ఆ కేటగిరీ వాళ్ళే సాగనంపుతారు. ఒకళ్ళ సభకి ఇంకొకళ్ళు వెళ్ళరు. అక్కడి పద్ధతి అది.

ఇవాళ గాజు బాబాయ్ ఆఖరి రోజు. ల్యాబులో గాజు సామాను కడుగుతాడని అందరూ అలా పిలుస్తారు. ఆయన్ని ఏ కేటగిరీలోనూ వెయ్యలేదు. ఇదిగో వేస్తాం, అదిగో వేస్తాం అంటూనే ఉద్యోగమంతా కాంట్రాక్టు మీద గడిపేశారు. అయినా నా ఆశ నాది. పొద్దున్నే పెద్ద ఫ్లాస్కు కడిగి బోర్లించి పెట్టాను. సాయంత్రమైంది, ల్యాబులవాళ్ళంతా ఇళ్ళకి పోయారు. సభకి టీ కావాలని ఎవరూ రాలేదు. చివరికి బాబాయే వచ్చాడు, చంకలో రంగు కాగితం చుట్టిన గుండ్రటి పొట్లం పెట్టుకుని.

"ఏంటి బాబాయ్ అది?" అన్నాడు టాక్సీ డ్రైవరు. రోజూ బండి గేటు దగ్గర ఆపుకుని బాబాయ్ కోతలు వినందే ఇంటికి పోడు.

"గోడ గడియారం అల్లుడూ. నా వీడ్కోలు సభలో ఇచ్చారు."

టీ వడకడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. గ్లాసు నింపి ఇచ్చాను.

"అబ్బో, సభ ఎలా జరిగింది?" అన్నాడు పక్క కొట్టు టైలరు, మెడలో టేపు తియ్యకుండానే వచ్చి కూర్చుంటూ.

"అలా అడిగితే ఎలా చెప్తాను బావగారూ? మొదట్నించీ చెప్పాలి. అసలు నన్ను ఉద్యోగంలోకి ఎలా తీసుకున్నారో తెలుసా? చిన్న సంగతేలెండి, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఇంటర్వ్యూకి వెళ్ళానా, వరండా నిండా జనం, పెద్ద పెద్ద చదువులవాళ్ళు, టైలు బిగించుకుని చెమటలు తుడుచుకుంటున్నారు. ప్రొఫెసర్ గారు నా చేతికి ఓ మురికి బీకరు ఇచ్చి, కడుగు చూద్దాం అన్నారు. కడిగి బల్లమీద పెట్టాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. ఏదయ్యా బీకరు, అన్నారు. మీ ముందే ఉంది కదా సార్, అన్నాను. కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. కనబడితేగా! అంత శుభ్రంగా కడిగాను. చివరికి బల్లంతా తడుముకుంటూ పోయి, చేతికి తగిలాక పట్టుకుని, బాబూ రేపట్నించి వచ్చెయ్, అన్నారు. టైలవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని ఇంటికి పోయారు."

"కనబడని బీకర్లతో పనెలా చేశారు బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అదే కదా వచ్చిన తంటా! కాస్త తక్కువ శుభ్రంగా కడగమని పైనుంచి ఆర్డరొచ్చింది. చూస్తూ చూస్తూ అలా కడగడానికి నాకు మనసొప్పదు. అందుకని కళ్ళు మూసుకుని కడిగేవాణ్ణి. సరే, అది వదిలెయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ల్యాబుల్లో ఎవరేమిటో తేల్చాలని యూనివర్సిటీ వాళ్ళకి బుద్ధి పుట్టింది. వీడు సైంటిస్టా, టెక్నీషియనా, అసిస్టెంటా, హెల్పరా అని ఒక్కొక్కణ్ణీ విడదీసి ముద్ర వెయ్యడానికి కమిటీ వేశారు. ఆ కమిటీ వస్తోందంటే మనుషులు వణికిపోయేవాళ్ళు. తలుపు దగ్గర నిలబడి ఒక్క చూపు చూసి, టెక్నీషియన్, అనేసేవాళ్ళు, అంతే, ఆ మనిషి జన్మంతా టెక్నీషియనే. అందరినీ ఒక్క పూటలో తేల్చేసి నా దగ్గరికొచ్చారు. వచ్చి, అక్కడే ఇరుక్కుపోయారు."

"ఎందుకనిట?"

"ఎందుకంటే అప్పుడు నేనేం చేస్తున్నానో చెప్తా విను. ఎడమ చేత్తో బీకర్లు కడుగుతున్నా, కుడి చేత్తో చెడిపోయిన పంపు విప్పి బాగుచేస్తున్నా, ఒక కాలితో ఎలుకలకి గింజలు వేస్తున్నా, ఇంకో కాలితో తలుపు పట్టుకున్నా, దాని స్ప్రింగు పోయింది మరి, నోటితో పిల్లలకి పాఠం చెప్తున్నా. కమిటీలో పెద్దాయన, హెల్పరు, అన్నాడు. పక్కావిడ, కాదు టెక్నీషియన్, అంది. మూడో ఆయన ఎలుకల వంక చూసి, జంతుశాఖ, అన్నాడు. ఇక చూసుకో, జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మధ్యాహ్నం భోజనాలు మానేశారు, సాయంత్రం ఇళ్ళు మానేశారు. అలా నన్ను చూస్తూ చూస్తూ ఉండగానే పెద్దాయనకి గడ్డం బొడ్డుదాకా పెరిగింది, ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళై అదే యూనివర్సిటీలో చేరి, అమ్మా క్లాసుకి దారెటు అని వచ్చి అడిగి వెళ్ళారు."

టైలరు నవ్వుతూ టీ ఒలకబోసుకున్నాడు. బాబాయ్ ముఖం వెలిగింది. నవ్వినవాణ్ణి చూస్తే ఆయన మాట ఇంకా పైకి లేస్తుంది.

"నవ్వుతారేంటి బావగారూ, అక్కడ నా ప్రాణం పోతుంటే! చివరికి వాళ్ళేం చేశారో తెలుసా? నన్ను ముక్కలుగా తేల్చారు. కుడి చెయ్యి టెక్నీషియన్, ఎడమ చెయ్యి హెల్పరు, కాళ్ళు అసిస్టెంట్లు, నోరు ప్రొఫెసరు! జీతాలు కూడా దేనికది వేరే. మర్నాటినుంచి మొదలయ్యాయి నా పాట్లు. కుడి చేతికి పొగరెక్కిపోయింది. ఎడమ చెయ్యి తువ్వాలు అందిస్తే తీసుకోదు. మా హెడ్డు గారమ్మాయికి బహుమతి వచ్చిందని అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేనూ కొట్టబోయాను. కుడి చెయ్యి రాదే! వేరే కేటగిరీతో కలిసి కొట్టడానికి నాకు పర్మిషన్ లేదు, అంది. అంతమందిలో నేనొక్కణ్ణే ఒంటి చెయ్యి గాల్లో ఊపుతూ నిలబడ్డాను."

అంతలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన స్కూటరు దిగి వచ్చాడు. బాబాయ్ వీపు చూసి ఏదో అనబోయి, కథ మధ్యలో అడ్డు తగలడం ఎందుకనుకున్నాడో ఏమో, బెంచీ చివర సర్దుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే మొహమాటంగా తీసుకున్నాడు. బాబాయ్ వెనక్కి తిరిగి చూడలేదు.

"మరి ఆ చేతులు మళ్ళీ ఎలా కలిశాయి?" అన్నాడు టైలరు.

"వైస్ చాన్సలర్ గారు కలిపారు! నన్ను పిలిపించి, కుర్చీ వేయించి, బాబాయ్, నిన్ను పట్టే కేటగిరీ ఈ భూమ్మీద లేదు, నీ ఒక్కడికోసం కొత్తది పుట్టిస్తున్నాను, అన్నారు. పుట్టించారు. అందులో నేనొక్కణ్ణే. సీనియర్ నేనే, జూనియర్ నేనే. నాకు వేరే తలుపు, వేరే మెట్లు, వేరే భోజనాల బల్ల. బల్ల ఎంత పొడుగనుకున్నావ్ అల్లుడూ, ఈ చివర కూర్చుంటే ఆ చివర పొగమంచులో కనబడేది కాదు. నాకెదురుగా ఇంకొకడు కూర్చోకూడదు, రూల్సు ఒప్పుకోవు. అలా ఉండేది నా దర్జా."

"సంఘం కూడా ఉందా?" అన్నాడు డ్రైవరు, ఎగదోస్తూ.

"సంఘం లేకపోతే ఎలా? అధ్యక్షుణ్ణి నేనే, సభ్యుణ్ణి నేనే. ఒకసారి ఎన్నికలు పెట్టాను. నామీద నేనే పోటీ చేశాను. హోరాహోరీగా జరిగింది. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాను!"

"ఎవరి చేతిలో?"

"నా చేతిలోనే! రెండువైపులా కలిసి ఉన్నది ఒక్క ఓటే కదా. మళ్ళీ లెక్కపెట్టమని గొడవ చేశాను, లెక్కపెట్టేవాణ్ణి కూడా నేనే కాబట్టి ఒప్పుకోలేదు. సమ్మె చేశాను చూడు, అది చెప్పాలి. గేటు ముందు ఒక్కణ్ణే కూర్చున్నాను. లోపల మైక్రోస్కోపులు కళ్ళు మూసుకున్నాయి, ఫ్రీజర్లలో మంచు కరిగి కారిడార్లలో పడవలు వేసుకుని తిరిగారు. దాహమేస్తే నాకు మంచినీళ్ళు తెచ్చేవాళ్ళు లేక, సమ్మె కాసేపు ఆపి, నేనే వెళ్ళి తాగి వచ్చి మళ్ళీ కూర్చునేవాణ్ణి. ఏటా మా కేటగిరీకి గ్రూపు ఫోటో కూడా తీసేవాళ్ళు. పెద్ద మెట్లు, వరసగా కుర్చీలు. నేను మధ్య కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి, అందరూ కాస్త దగ్గరగా జరగండి, అనేవాడు."

డ్రైవరు విరగబడి నవ్వాడు. బాబాయ్ కూడా నవ్వాడు గానీ, కాస్త ఆలస్యంగా నవ్వాడు. ఆ తర్వాత గ్లాసులో అడుగంటిన టీ వంక చూశాడు. ఆ ఫోటోల రోజు నాకు తెలుసు. ఏటా అన్ని సంఘాలవాళ్ళూ లోపల మెట్లమీద వరసలు కడుతుంటే, బాబాయ్ బయటికొచ్చి ఇదే బెంచీమీద కూర్చుని టీ తాగేవాడు.

"ఒక్క సందేహం బాబాయ్," అన్నాడు డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ. "ఏ కేటగిరీ వాళ్ళు ఆ కేటగిరీ మనిషికే సభ చేస్తారు కదా. నీ దాంట్లో నువ్వొక్కడివే. మరి నీ సభ ఎవరు చేశారు?"

నేను డ్రైవరు వంక గుర్రుగా చూశాను. వాడికేం తెలుసు పాపం. బాబాయ్ ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే లేచి నిలబడ్డాడు.

"ఎవరు చేశారా? ఎవరు చెయ్యలేదో అడుగు! అన్ని సంఘాలూ మేమంటే మేమని కొట్టుకుని, చివరికి అందరూ కలిసి చేశారు. యూనివర్సిటీ పుట్టాక అలా జరగడం ఇదే మొదలు. సైంటిస్టుల పక్కన హెల్పర్లు కూర్చున్నారు, టెక్నీషియన్లు లేచి అసిస్టెంట్లకి కుర్చీలిచ్చారు. హాలు చాల్లేదు, గోడల్ని పట్టుకుని అవతలికి జరిపారు. అదీ చాల్లేదు, పైకప్పు తీసి పక్కన పెట్టారు. పై దేశాల సైంటిస్టులు విమానాల్లో వచ్చి, దిగే చోటు లేక, మా నెత్తిమీదే తిరుగుతూ కిటికీల్లోంచి చేతులూపారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎలుకల గదిలోంచి తెల్లెలుకలన్నీ బోనుల తలుపులు తీసుకుని వరసగా వచ్చాయి. ఒక్కొక్కటీ నా చెప్పుల దగ్గర ఆగడం, వెనక కాళ్ళమీద లేవడం, తలొంచడం, పక్కకి తప్పుకోవడం! మా హెడ్డు గారు మైకు దగ్గర నిలబడి, బాబాయ్ లేని ల్యాబు ఎలా ఉంటుందో నాకు తెలీదు, అని ఒక్క మాట అని, ఇక మాట్లాడలేక కూర్చుండిపోయారు. అప్పుడు చప్పట్లు కొట్టారు చూడు! నా చేతులతో నాకు పనే పడలేదు. అన్నీ వాళ్ళే కొట్టారు."

టైలరు నవ్వడం మానేసి వింటున్నాడు.

"అప్పుడు వైస్ చాన్సలర్ గారు ఈ గడియారం నా చేతుల్లో పెట్టారు. హాలంతా నిశ్శబ్దం. అంత జనంలోనూ ఒక్కటే చప్పుడు, టిక్కు, టిక్కు, టిక్కు. విమానాలు కూడా ఇంజన్లు ఆపుకుని విన్నాయి. ఇదిగో, ఇప్పటికీ వినబడుతోంది. నమ్మకపోతే చెవి పెట్టి విను అల్లుడూ."

డ్రైవరు వంగి పొట్లానికి చెవి ఆనించాడు. కాసేపు విన్నాడు.

"ఏమీ వినబడ్డం లేదు బాబాయ్."

"నీ చెవుల నిండా హారన్లేగా, ఇంకేం వినబడుతుంది?"

"దాంట్లో బ్యాటరీ లేదండీ," అన్నాడు బెంచీ చివరి పెద్దమనిషి.

బాబాయ్ వెనక్కి తిరిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆ పెద్దమనిషికి ఏ పాపమూ తెలీదు. మర్యాదగా లేచి జేబులోంచి బ్యాటరీ తీశాడు. "మధ్యాహ్నం మా షాపులో కొన్నారు కదండీ. బ్యాటరీ వేసిస్తానంటున్నా వినిపించుకోకుండా, సభకి టైమైపోతోంది, మావాళ్ళంతా ఎదురుచూస్తున్నారని వెళ్ళిపోయారు. వెనక గేటు దగ్గరన్నారని షాపు మూసేసి ఇలా వచ్చాను. సభలో తిరగకపోతే నలుగురిలో మీకు చిన్నతనంగా ఉంటుందనిపించింది. ఆలస్యమైపోయింది కాబోలు, సభ అయిపోయిందాండీ?"

ఎప్పుడూ అందరికంటే ముందు నవ్వే డ్రైవరు తల దించుకుని చేతిలో తాళాలు చూసుకుంటున్నాడు. బాబాయ్ మెల్లగా కూర్చున్నాడు. రంగు కాగితం చిరక్కుండా విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. షాపాయన బ్యాటరీ వేసి, తన చేతిగడియారం చూసి ముల్లు తిప్పాడు. గడియారం నడిచింది. ఆ టిక్కు టిక్కు మా అందరికీ వినబడింది.

"ఇలా తే బాబాయ్," అన్నాడు డ్రైవరు లేచి, చొక్కా సర్దుకుంటూ. "మేమిస్తాం. ఇదిగో నలుగురం ఉన్నాం."

బాబాయ్ గడియారాన్ని గుండెకి ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు. "నువ్వివ్వకూడదు అల్లుడూ. రూల్సు ఒప్పుకోవు. మా కేటగిరీ వాళ్ళే ఇవ్వాలి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా ముక్కు కొంగుతో తుడుచుకుని, బోర్లించిన ఫ్లాస్కు తిప్పి నిలబెట్టి, అందులోకి టీ వంచడం మొదలెట్టాను. "అయితే మమ్మల్నీ మీ కేటగిరీలో చేర్చుకోమని చెప్పు బాబాయ్," అన్నాను. "ఎవర్ని అడగాలో వాళ్ళని అడుగు."

బాబాయ్ ముల్లు వంక చాలాసేపు చూశాడు.

"ఎవర్ని అడగనే అమ్మాయ్?" అన్నాడు. "ఈ సాయంత్రం నుంచీ అందులో ఎవరూ లేరు."