పాత పుస్తకం ప్రకారం

మధ్యాహ్నం, బైండింగు కొట్టు. తమ్ముడు ఒక పుస్తకం వీపుకి జిగురు రాస్తున్నాడు. టికెట్ల కౌంటరు నుంచి భోజనం వేళ వచ్చిన అక్క కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయితే మన వేషాల ఆటకి వచ్చిన కొత్త రూల్సు పుస్తకంలో పాచిక మూడుసార్లు వెయ్యొచ్చన్నమాట."

"మూడుసార్లు వెయ్యడం కాదక్కా, మూడు నెగ్గాలి. మూడు ఓడేలోగా మూడు నెగ్గితే చావబోయే క్యారెక్టర్ బతుకుతాడు."

"అదేరా నేనన్నది. పాతదాంట్లో?"

"పాతదాంట్లో ఒక్కటే. ఇరవై అంకెల పాచిక మీద పద్నాలుగు, ఆ పైన పడితే బతుకు. పదమూడు పడినా చావే. నీకు తెలియందేముంది, పన్నెండేళ్ళుగా మాతో ఆడుతున్నావ్."

"నేను ఆదివారం వచ్చి నా వైద్యురాలి వేషం వేసి పోయేదాన్ని. పుస్తకాలు చదివి కొట్టుకున్నది నువ్వూ మీ బావా. సరే, అయితే మార్చెయ్."

"ఏం మార్చెయ్?"

"ఎడిషన్. ఈ ఆదివారం నుంచి కొత్త పుస్తకమని చెప్పు. మీ బావ ఒంటికన్ను సేనానికి ఆ మూడు ఛాన్సులూ ఇప్పించు. ఆట నడిపేది నువ్వేగా. ఆరు నెలల్నుంచి కొత్తది ఆడదాం, కొత్తది ఆడదాం అని మా ప్రాణాలు తీసిందీ నువ్వేగా."

"చచ్చినవాడికి తర్వాతొచ్చిన రూలు పనికిరాదు."

"ఎవరన్నారు?"

"ఇంకెవరంటారు, బావే. పాత పుస్తకం మొదటి పేజీలో తన చేత్తో రాసుకున్నాడు. 'ఏ పుస్తకంతో పుట్టినవాడు ఆ పుస్తకంతోనే చావాలి' అని. దానికి మూడుసార్లు అట్ట మార్చాను. ఆ కాగితం మాత్రం ముట్టుకోనివ్వలేదు."

"నువ్వు చెప్తే వింటారు."

"బావా? నేను చెప్తేనా? బాగుంది. కొత్త పుస్తకం తీసుకెళ్ళిన రోజు ఆయన అన్న మాటలు నువ్వు వినలేదు. 'ఇందులో చావాలంటే అర్జీ పెట్టుకోవాలి, దానికి మూడు సంతకాలు కావాలి' అన్నాడు. గాలిలో తేలే ఊళ్ళట, మాట్లాడే పడవలట, ఇదీ ఒక లోకమేనా అన్నాడు. మన కొండల లోకంలో చలికి వేళ్ళు రాలిపోతాయి, అదీ లోకమంటే, అన్నాడు. కోటు లైనింగు గుడ్డ మీద ఆ కొండల మ్యాపంతా తనే కుట్టుకున్నాడాయె. నేను ఆర్నెల్లు కూర్చుని మన ఆటంతా కొత్త పద్ధతిలోకి మార్చి రాసుకెళితే, ఆ కాగితాల వెనక ఎవరివో ప్యాంటు కొలతలు రాశాడక్కా."

"అయ్యో రాత. అదింకా మనసులో పెట్టుకున్నావా?"

"లేదు."

"మొహం చూస్తే తెలుస్తోందిలే."

"లేదన్నానుగా! అసలిప్పుడీ గొడవెందుకు? ఆటలో ఒకడు చచ్చాడు. చస్తారు. బావ ఇంకొకణ్ణి తయారు చేసుకుని రావాలి. అంతేగానీ టైలరింగు కొట్టు మూసేసి మూడు వారాలు అలిగి కూర్చుంటారా ఎవరైనా?"

"అలిగి కాదు."

"మరి?"

"ఆ జిగురు పక్కన పెట్టు."

"ఆరిపోతుంది. చెప్పు, వింటున్నా."

"పెట్టరా ముందు."

"పెట్టా. ఏంటి?"

"మీ బావకి గుండె ఆపరేషన్. గురువారం."

"ఏంటీ?"

"అరవకు. ఆ ఆదివారం నేను ఆటకి ఎందుకు రాలేదనుకున్నావ్? డ్యూటీ ఉందని చెప్పా. డ్యూటీ లేదు, గాడిదగుడ్డూ లేదు. చివరి రిపోర్టుల కోసం వెళ్ళా."

"మూడు వారాలు! మూడు వారాలు నాకు చెప్పకుండా ఎలా ఉన్నావే? నేనెవరో పరాయివాణ్ణా?"

"ఆయనే వద్దన్నారు. 'వాడికి తెలిస్తే ఇక నాతో ఆట ఆడడు, జాలిపడి మోస్తాడు' అని ఒట్టు వేయించుకున్నారు."

"అపాయమా?"

"పదిమందిలో ఎనిమిదిమంది లేచి తిరుగుతారన్నారు డాక్టరు. చేయించుకోకపోతే ఏడాది అన్నారు. మొదట ఒప్పుకున్నారు. సంచి కూడా సర్దుకున్నారు. ఆ ఆదివారం ఆట నుంచి వచ్చి, సంచి విప్పి, బట్టలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టేశారు."

"ఎందుకు?"

"నేనూ అదే అడిగా. 'వాడే అయిపోయిందన్నాడుగా' అన్నారు. అంతే. ఎన్నిసార్లడిగినా అదే మాట. సంతకం పెట్టనంటున్నారు. ఇవాళ ఐదింటిలోగా కాగితం ఇవ్వకపోతే గురువారం ఇంకెవరికో ఇచ్చేస్తారు. మళ్ళీ ఎప్పుడో దేవుడికే తెలియాలి."

"పాచిక పడలేదని ఆపరేషన్ మానేస్తాడా? చిన్నపిల్లాడా ఏమన్నానా?"

"ఇలా అంటావనే ఇన్నాళ్ళూ రాలేదు నేను."

"అది కాదక్కా..."

"పన్నెండేళ్ళలో ఎన్నిసార్లు చావు దాకా వెళ్ళొచ్చాడురా ఆ సేనాని! వంతెన కూలింది, కొండచిలువ మింగింది, మంచులో పూడ్చిపెట్టారు. ప్రతిసారీ పద్నాలుగు దాటింది. ప్రతిసారీ ఇంటికొచ్చి ఒకటే నవ్వు. 'బావమరిది బతకమన్నాడు, బతికాం' అని. నువ్వు పాచిక కనబడకుండా పెట్టుకునే తెర వెనక పిల్లిబొమ్మ గీస్తూ గీస్తూ ఆలోచించి అప్పుడు అంకె చెప్తావట. నీలా మొహం పెట్టి చేసి చూపించేవారు."

"పిల్లిబొమ్మలా? ఆ కాగితాలు నేనెవరికీ చూపించను. ఆయనకెవరు చెప్పారు?"

"ఏమో. దారి మళ్ళించకు. అన్నిసార్లు గట్టెక్కించిన పాచిక ఈసారి వదిలేసిందంటే మనిషి బెంగపడడా?"

"అన్నిసార్లు పద్నాలుగు పడదక్కా."

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

"నాతో కాదు నీ వేషాలు. చెప్పు."

"ఆ సేనాని ఈపాటికి ఐదుసార్లు చచ్చుండాలి. నేనే చావనివ్వలేదు. ఆరు పడితే పదహారన్నా. తెర ఉన్నది ఎందుకు మరి? పాత పుస్తకంలో చావుబతుకుల పాచిక ఆట నడిపేవాడే వెయ్యాలి, అట్ట తెర వెనకే వెయ్యాలి. కొత్తదాంట్లో ఎవరిది వాళ్ళే, అందరి ముందూ వేసుకోవాలి. ఛాన్సులు మూడిచ్చారు గానీ, పడింది పడిందే. ఒక్కడు కనికరించడానికి సందు లేదు. బావ పాతదే నయమంటే ఒకందుకు నిజమే."

"ఓరి నీ... ఐదుసార్లా?"

"ఐదో ఆరో."

"మరి మొన్న ఒక్కసారి ఏమొచ్చిందిరా నీకు? నిన్ను పదేళ్ళప్పట్నుంచి భుజాన మోసిన మనిషి. ఈ కొట్టుకి అద్దె కుదిర్చిన మనిషి. మొన్న కూడా ఒక అంకె పెంచి చెప్తే నీ నోటి ముత్యాలు రాలేవా?"

"మొన్న పెంచక్కర్లేదు."

"అంటే?"

"వదిలెయ్ అక్కా."

"పెంచక్కర్లేదంటే ఏంటిరా?"

"పద్దెనిమిది పడింది."

"పద్దెనిమిది పడితే బతికినట్టేగా."

"ఊఁ."

"మరి నువ్వేం చెప్పావ్?"

"రెండన్నా."

"రెండా?"

"ప్యాంటు కొలతలు రాసింది ఆ రోజే. సేనాని విషం తాగాడు, పాచిక నా చేతిలో ఉంది. అప్పుడు బావ, 'వెయ్ వెయ్, నీ కొత్త పుస్తకం కాదులే, చేతులు వణికించకు' అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మనతో ఆడే మేస్త్రీ అయితే బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. నా ఒళ్ళు మండిపోయింది. పాచిక చూశా, పద్దెనిమిది. నోట్లోంచి మాత్రం రెండని వచ్చింది. అయిపోయింది బావా, అన్నా."

"ఎంత పని చేశావురా."

"మరుసటి వారం ఏదో మందో మాకో కల్పించి లేపుదామనుకున్నా. ఒట్టు. ఆయన రాలేదు. ఆపరేషన్ సంగతి నాకు తెలిసుంటే..."

"తెలిస్తే జాలిపడేవాడివి, తెలియలేదు గనక చంపేశావ్. చాల్లే. చొక్కా మార్చుకో, పద. ఆయన ముందు నిలబడి చెప్పు."

"నమ్మడక్కా."

"ఎందుకు నమ్మరు?"

"నా మాటలు ఇప్పుడు ఆయన చెవులతో విను. గురువారం ఆపరేషన్, ఇవాళ సంతకం. బావమరిది పరిగెత్తుకొచ్చి, 'రెండు కాదు బావా, పద్దెనిమిది' అంటున్నాడు. ఏమంటాడు? 'నువ్వు చెప్పావా వీడికి? అప్పుడే మోయడం మొదలెట్టాడే' అంటాడు. నిజం చెప్పినా అబద్ధంలాగే ఉంటుంది."

"ఎవరైనా చూశారా ఆ పాచిక?"

"తెర వెనకది ఎవరు చూస్తారు?"

"మేస్త్రీ నీ పక్కనే కూర్చుంటాడుగా."

"అటువైపూ అట్ట మడత ఉంటుంది. అతనికి కనబడదు."

"మెల్లిగా గుర్తు తెచ్చుకో. ఒక్కళ్ళు చూసినా చాలు, వాళ్ళ కాళ్ళు పట్టుకుని తీసుకెళ్తా. పాచిక చిన్నదా?"

"నిమ్మకాయంత ఉంటుంది. బావకి చూపు ఆనట్లేదని పెద్దంకెలది నేనే కొన్నా."

"నువ్వెక్కడ కూర్చున్నావ్?"

"ఎప్పుడూ కూర్చునే చోటే. ఆయన కొట్లో కత్తిరింపు బల్ల ఆ చివర. బట్టలేసుకుని చూసుకునే అద్దం ఉందిగా, దానికి వీపు పెట్టి."

"మీ బావ?"

"నాకెదురుగా, మిషను పక్క కుర్చీలో. ఆయన ఇంకో చోట కూర్చుంటాడా? అది ఎవరికీ ఇవ్వడు. నువ్వే ఒకసారి తిట్టావు కూడా."

"ఉండు. ఆ స్టూలు ఇలా లాగు."

"ఏంటక్కా? అలా కూర్చుండిపోయావేంటి? నీళ్ళు తాగుతావా?"

"నిన్న ఆ కుర్చీలో కూర్చున్నా నేను."

"అయితే?"

"ఎవరిదో కోటు ఇవ్వాల్సి ఉంటే, కొట్టు తీసి గుండీలు కుట్టా. తలెత్తితే ఎదురుగా అద్దం. వచ్చినవాళ్ళకి ప్యాంటు అంచులు కనబడాలని దాన్ని ముందుకి వంచి కట్టుకున్నారు కదా ఆయన. అందులో బల్ల ఆ చివరంతా కనిపిస్తుందిరా. కత్తెర, సుద్దముక్క, ఆ రోజు నువ్వు వదిలేసి వెళ్ళిన తెరా, తెర వెనక కాగితం."

"కాగితం..."

"కాగితం మీద పిల్లి."

"అక్కా, వద్దు."

"నేనేదో గీతలనుకుని గుండీ కుట్టుకుంటున్నా, బుద్ధిలేనిదాన్ని."

"అయితే ఆ ఐదుసార్లూ?"

"చూశారు. ఆరు పడ్డం చూశారు, నువ్వు పదహారనడం విన్నారు. ఇంటికొచ్చి, బావమరిది బతకమన్నాడని నవ్వారు."

"మొన్నటిది కూడా చూసుంటాడా?"

"'వాడే అయిపోయిందన్నాడుగా' అని ఆయన చెప్తూనే ఉన్నారు, నేనే పాచిక సంగతనుకున్నా. పద్దెనిమిది కళ్ళారా చూశాక నీ నోటివెంట విన్నార్రా ఆ మాట."