మాదన్న ఎద్దు, తుమ్మమాను జోరీగ

యాభై మూడులో కరువు తీరి, మొదటి వాన పడిన మర్నాడు. ఆదోని సంతలో బజారి అనే అతని టీ అంగడి ముందు దేవనకొండ మాదన్న కూర్చున్నాడు. పక్కన అదే ఊరి రసూల్ సాబ్. ఇద్దరికీ చెరొక ఎద్దు. రెండూ కలిపి కాడి కడితేనే ఇద్దరి చేలూ విత్తేది. కరువులో రసూల్ సాబ్ తన ఎద్దును ఏటిగట్టు మేతకని మాధవరం తోలుకుపోయి, ఇప్పుడే తిరిగొచ్చాడు. ఏరువాకకని రెండు ఎద్దులకూ మెడగంటలు కొని సంచిలో వేసుకున్నాడు. "నీ పుల్లోడు ఎట్లుండాడు మాదన్నా?" అని ఎద్దు గురించి అడిగిన పాపానికి మాదన్న అందుకున్నాడు.

"ఇంక యాడి పుల్లోడప్పా! జోరీగ కరిసింది. మీరు సూసే ఉత్త జోరీగ కాదు, పిచ్చుకంత! మగది పూలతేనె తాగి బతుకుతాది, పాపం సాధువు. ఆడదే నెత్తురు తాగేది, గుడ్లు పెట్టాల గదా. దాని పిల్లపురుగు ఏడాదంతా చెరువు బురదలో పెరుగుతాది..."

"చెరువు నెర్రెలిచ్చిన ఏట బురద యాడిదన్నా?" అన్నాడు బజారి టీ పోస్తూ.

"అదే సెప్తాండా, నడమ అడ్డం రావద్దు! బురద లేకనే అది మా కళ్లం కాడి తుమ్మమానులో దూరింది. లోపల తొలుస్తాంటే రంపం కోసినట్ల ఊరంతా ఇనపడె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాను నిలువునా పగిలి మేకపోతంత ఈగ బయటికొచ్చె! రెక్కలు ఆరబెట్టుకుంటే ఆ గాలికి ఎమ్మిగనూరు మగ్గాల మీద నూలంతా తెగిపాయ!"

"మగ్గాలు సరే, ఎద్దేమాయ?" బజారి పకపకా నవ్వాడు.

"అప్పటికి ఆ ఈగ ఏనుగంత అయ్యింది లే. పుల్లోని మీద వాలి, పట్టుకోని లేసింది. నేను తోక ఇడస్తానా? నేనూ లేస్తి! దేవరగట్టు మీదుగా పోతాంటే కింద దసరా కట్టెల కొట్లాటకొచ్చిన జనం, చేతుల్లో కట్టెలు. 'ఒక్క కట్టె ఇసరండప్పా' అని అరస్తి. ఒక్కరూ తలెత్తల్యా. పట్టు జారి నేను పడితి. వాడు మాత్రం నన్నే సూస్తా, సూస్తా పోయినాడు..."

రసూల్ సాబ్ ఒక్కసారీ నవ్వలేదు.

"మాదన్నా, నెత్తురున్న గొడ్డు మీదనే గదా జోరీగ వాలేది. నేను మాధవరం పొయ్యేనాటికే పుల్లోనికి ఎముకలు తేలినాయి. వాని ఒంట్లో నెత్తురు యాడుందప్పా?"

మాదన్న గ్లాసు కింద పెట్టాడు. టీ చల్లారిపోయింది.

"లేదు సాబ్," అన్నాడు చివరికి. "కొట్టం మీది గడ్డి గూడా పీకి పెడితి. అదీ అయిపాయ. ఈగలు వాలినాయి, నిజమే. వాడు పడిపోయినాకనే వాలినాయి."

బజారి నవ్వు ఆగిపోయింది. రసూల్ సాబ్ గంటలు మోగకుండా సంచిని ఒళ్లో అదిమి పట్టుకున్నాడు.